నెలలు నిండని బిడ్డ కంటికి లేజరా, ఇంజెక్షనా, వేచి చూడటమా? ఆర్‌ఓపీ చికిత్సలో ఎంపిక

ఏడో నెలలో పుట్టి, వారాల తరబడి వెచ్చని పెట్టెలో పెరిగిన బిడ్డను ఇక ఇంటికి పంపుతారేమో అనుకుంటున్న సమయంలో, కళ్లు చూసిన డాక్టరు "ఆర్‌ఓపీ ముదిరింది, రెండు మూడు రోజుల్లో లేజరైనా చేయాలి, ఇంజెక్షనైనా ఇవ్వాలి, ఇంట్లో మాట్లాడుకొని చెప్పండి" అంటారు. ఆర్‌ఓపీ (రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ) అంటే నెలలు నిండక పుట్టిన పిల్లల కంటి తెరలో, అంటే కంటి వెనుక చూపును పట్టే రెటీనాలో, రక్తనాళాలు సరిగా ఎదగక వచ్చే జబ్బు. మాట్లాడుకోవడానికి ఆ కుటుంబానికి నిజంగానే అంతకు మించిన వ్యవధి ఉండదు. తల్లి ఇంకా పచ్చి బాలింత, తండ్రి మందుల కౌంటర్ దగ్గర వరుసలో ఉంటాడు, నిర్ణయం చాలాసార్లు వార్డు బయటి బల్ల మీద అమ్మమ్మ, మేనమామల మధ్య జరిగిపోతుంది. అక్కడ సాధారణంగా గెలిచే వాదన ఒకటే: లేజరంటే గంటసేపు కాల్చడం, ఇంజెక్షనంటే ఐదు నిమిషాల్లో అయిపోయేది, కనుక ఇంజెక్షనే తేలిక.

ఆ వాదన సగమే నిజం. ఆ ఐదు నిమిషాల పని తర్వాత ఏడెనిమిది నెలల పాటు బిడ్డను విడవకుండా పరీక్షలకు తిప్పాలన్న సంగతి బల్ల మీద కూర్చున్నవారికి తెలియదు. లేజర్, ఇంజెక్షన్ల మధ్య ఎంపికను నిర్ణయించేవి ముఖ్యంగా రెండు విషయాలని నా అభిప్రాయం. వ్యాధి కంటి తెరలో ఏ భాగాన ఉన్నదన్నది మొదటిది, చికిత్స తర్వాత ఆ కుటుంబం మళ్లీ మళ్లీ రాగలదా అన్నది రెండోది. మొదటిదాన్ని చూసి చెప్పవలసినవారు డాక్టరు. రెండోదాన్ని దాచుకోకుండా చెప్పవలసినవారు ఇంటివాళ్లు. ఈ రెండో మాట చెప్పకుండా తీసుకున్న నిర్ణయాలే తర్వాత ఎక్కువగా బెడిసికొడతాయి.

## ముందు తూచవలసినవి

ఆర్‌ఓపీ పరీక్ష జరిగిన ప్రతిసారీ కేసు షీటు మీద రెండు వలయాలు గీస్తారు, ఒక్కో కంటికి ఒకటి. వాటి చుట్టూ గడియారంలోలాగా 12 అంకెలు ఉంటాయి, లోపల మరో చిన్న వలయం ఉంటుంది, ఎక్కడెక్కడ గీత కనబడిందో అక్కడ పెన్నుతో దిద్దుతారు. ఆ బొమ్మను ఒకసారి ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టరును అడగవలసిన ప్రశ్నలన్నీ దాని నుంచే పుడతాయి.

మధ్యలోని చిన్న వలయాన్ని జోన్ 1 అంటారు. కంటి నరం బయలుదేరే చోటును కేంద్రంగా తీసుకొని గీసిన ఈ వలయంలో చూపుకు ప్రాణమైన మధ్యభాగం ఉంటుంది. దాని చుట్టూ ఉన్న వెడల్పాటి భాగం జోన్ 2, బయటి అంచున నెలవంకలా మిగిలేది జోన్ 3. రక్తనాళాలు జోన్ 1 కూడా దాటకుండా ఆగిపోయాయంటే కంటిలో చాలా భాగానికి రక్తం అందలేదని అర్థం, అటువంటి వ్యాధి ప్రమాదకరం. జోన్ 3లో మాత్రమే ఉన్న వ్యాధితో చూపు పోవడం చాలా అరుదు.

తర్వాతిది స్టేజి. రక్తనాళాలు ఉన్న భాగానికీ లేని భాగానికీ మధ్య సన్నని గీత ఏర్పడితే 1, ఆ గీత గట్టులా ఉబ్బితే 2, గట్టు మీద కొత్త నాళాలు మొలిస్తే 3, కంటి తెర కొంత ఊడితే 4, పూర్తిగా ఊడితే 5. నాలుగో స్టేజిలో చూపు మధ్యభాగం ఇంకా అంటుకొని ఉంటే 4ఎ, అదీ ఊడితే 4బి అని విడదీస్తారు. ఈ తేడా శస్త్రచికిత్స దగ్గర మళ్లీ వస్తుంది.

స్టేజి అంకె కంటే ఎక్కువ శ్రద్ధగా వినవలసిన మాట ప్లస్. కంటి మధ్యభాగంలోని నాళాలు ఉబ్బి మెలికలు తిరిగితే ప్లస్ ఉందంటారు, వ్యాధి ఉరకలు వేస్తోందనడానికి అదే గుర్తు. కొందరు పిల్లల్లో స్టేజిలన్నీ వరుసగా దాటకుండానే కొద్ది రోజుల్లో ముదిరిపోయే రకం ఉంటుంది, దాన్ని అగ్రెసివ్ ఆర్‌ఓపీ అంటారు. అక్కడ వ్యవధి రెండు మూడు రోజులు కూడా కాదు, ఒకటి రెండు రోజులే.

వయసు లెక్క వేరు. ఇక్కడ బిడ్డ పుట్టిన రోజు నుంచి కాక గర్భం మొదటి వారం నుంచి లెక్కిస్తారు. 28 వారాలకు పుట్టి 6 వారాలైన బిడ్డ వయసు 34 వారాలు. ఇక బిడ్డ ఒంటి స్థితి, అంటే ఊపిరి తనంతట తాను తీసుకుంటోందా, మత్తును తట్టుకుంటుందా అన్నది, చేసే డాక్టరు చేతి అనుభవం, ఖర్చు, ఊరి దూరం కూడా తూకంలో ఉంటాయి.

## ఈ జబ్బు ఎందుకు వస్తుంది

కంటి తెరలో రక్తనాళాలు గర్భంలో సుమారు 16వ వారంలో మొదలై, కంటి నరం దగ్గర నుంచి అంచుల వైపు మెల్లగా పాకుతూ, ముక్కు వైపు అంచును 36వ వారానికి, చెవి వైపు అంచును దాదాపు 40వ వారానికి చేరతాయి. బిడ్డ 28వ వారంలో బయటికి వస్తే ఆ పాకుడు సగంలో ఉంటుంది. గర్భంలో ఆక్సిజన్ తక్కువగా ఉండే వాతావరణానికి అలవాటుపడిన ఆ నాళాలు బయటి గాలికి, దానిపైన పెట్టిన ఆక్సిజన్‌కు బెదిరి ఎదుగుదల ఆపేస్తాయి. తర్వాత సుమారు 32 వారాల నుంచి, రక్తం అందని కంటి తెర పెరుగుతూ ఆకలిగొని, వెజ్‌ఎఫ్ అనే పదార్థాన్ని అతిగా విడుదల చేస్తుంది. దాని పిలుపుకు నాళాలు క్రమం తప్పి, ఉండకూడని చోట పొదల్లా పెరిగి, మచ్చకట్టి, చివరికి కంటి తెరను లాగి ఊడదీస్తాయి. చికిత్సలన్నీ ఈ వెజ్‌ఎఫ్ చుట్టూ తిరిగేవే. లేజర్ దాన్ని తయారుచేసే భాగాన్ని మూసేస్తుంది, ఇంజెక్షన్ తయారైనదాన్ని పట్టి కట్టేస్తుంది.

"ఆక్సిజన్ పెట్టారు, అందుకే కళ్లు పోయాయి" అని ఆస్పత్రిని తిట్టుకునేవారికి ఒక మాట చెప్పాలి. 1942లో బోస్టన్‌లో థియొడోర్ టెర్రీ ఈ జబ్బును మొదట వర్ణించారు. 1951లో మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ అదుపులేని ఆక్సిజన్‌కు దీనితో సంబంధముందని ఎత్తిచూపారు. ఆ తర్వాత ఆక్సిజన్‌ను గట్టిగా కత్తిరించేసరికి అంధత్వం తగ్గింది కానీ శిశు మరణాలు పెరిగాయి. ఈ తూకం నేటికీ పూర్తిగా తేలలేదు. 2010లో వెలువడిన అమెరికా పరిశోధన ఒకటి రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని 85–89 మధ్య ఉంచిన పిల్లలను, 91–95 మధ్య ఉంచిన పిల్లలను పోల్చింది. తక్కువ ఆక్సిజన్ పిల్లల్లో బతికినవారికి తీవ్రమైన ఆర్‌ఓపీ 17.9 నుంచి 8.6 శాతానికి తగ్గింది, మరణాలు మాత్రం 16.2 నుంచి 19.9 శాతానికి పెరిగాయి. అందుకే ఇప్పుడు సాధారణంగా 90–95 మధ్య ఉంచుతారు. ఆక్సిజన్ పెట్టడం తప్పు కాదు. గాలితో కలపకుండా నిఖార్సైన ఆక్సిజన్ ఇవ్వడం, 95 దాటినా తగ్గించకపోవడం తప్పు. దీనికి తోడు రక్తంలో ఇన్ఫెక్షన్, పదేపదే రక్తమార్పిడి, బరువు సరిగా పెరగకపోవడం జబ్బును ముదిరిస్తాయి. తల్లిపాలు, కంగారూ పద్ధతిలో గుండెకు హత్తుకోవడం, ముట్టుకునే ముందు చేతులు కడగడం కూడా కంటి వైద్యంలో భాగమేనని దీనివల్లే అంటారు.

## ఇంకా పరీక్షే జరగనివారు

చికిత్సల పోలికకు ముందే ఆగిపోవలసినవారు వీరు. అమెరికాలో 30 వారాలు లేదా అంతకు ముందు పుట్టిన, లేదా 1,500 గ్రాములు మించని పిల్లలకే పరీక్ష తప్పనిసరి. మన దేశంలో అంతకంటే బరువైన, ఎక్కువ వారాలు నిండిన పిల్లల్లో కూడా తీవ్రమైన వ్యాధి కనిపిస్తుంది కనుక, ఇక్కడి ప్రమాణం 34 వారాలకు ముందు పుట్టినవారు, లేదా 2,000 గ్రాములు మించనివారు. 34–36 వారాల మధ్య పుట్టినా ఊపిరి ఇబ్బంది, ఇన్ఫెక్షన్ వంటివి ఉంటే చూపించాలి. "మావాడు 1,800 గ్రాములు, బాగానే ఉన్నాడు" అనుకొని ఊరుకోవడానికి లేదు.

మొదటి పరీక్ష పుట్టిన 30 రోజుల్లోపు, 28 వారాలకు ముందు పుట్టినా 1,200 గ్రాములకంటే తక్కువున్నా రెండు మూడు వారాల్లోపు జరగాలి. ఈ 30వ రోజు సూత్రానికి మూలం హైదరాబాదే. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ సుభద్రా జలాలి జంటనగరాల్లోని శిశు వార్డులకు వెళ్లి పరీక్షించే కార్యక్రమాన్ని 1990ల చివర మొదలుపెట్టి, ఆ అనుభవంతో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. చిక్కంతా మన ఇళ్లలో ఉంది. బిడ్డ పెట్టెలోంచి ఇంటికి వచ్చిందంటే నెల నిండేదాకా, కొన్ని ఇళ్లలో మూడో నెల దాకా గడప దాటించరు. మా మేనకోడలి బిడ్డ డిశ్చార్జి కాగితంలో రెండో పేజీ అడుగున, మందుల పట్టీ కింద, కళ్ల పరీక్ష అన్న ఒక్క పంక్తి ఉంది, తేదీ గడి ఖాళీగా ఉంది. దాన్ని ఇంట్లో ఎవరూ చదవలేదు. 34వ రోజున మరో పని మీద కాగితం తీసినప్పుడు కంటపడింది కనుక సరిపోయింది.

పరీక్ష చెప్పకపోవడం ఎంత పెద్ద లోపమో న్యాయస్థానం కూడా గుర్తించింది. తమిళనాడులో ఈ పరీక్ష జరగక చూపు కోల్పోయిన ఒక బాలికకు దాదాపు 1.8 కోట్ల రూపాయల పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు 2015 జూలైలో తీర్పు చెప్పింది.

పరీక్షకు రెండు దారులున్నాయి. నిపుణుడు తలకు కట్టుకున్న దీపంతో, చేతి భూతద్దంతో స్వయంగా చూడటం ఒకటి. శిక్షణ పొందిన టెక్నీషియన్ వెడల్పాటి కెమెరాతో ఫొటోలు తీసి దూరంగా ఉన్న నిపుణుడికి పంపడం రెండోది. ఈ కెమెరా పద్ధతిని కర్ణాటక జిల్లాల్లో 2008 నుంచి కిడ్‌రాప్ అనే కార్యక్రమం పెద్ద ఎత్తున నడిపింది. జిల్లా కేంద్రంలో కెమెరా ఉంటే నిపుణుడి కోసం నగరానికి వెళ్లేదాకా ఆగకండి. ఫొటోలో అనుమానం కనబడితే మాత్రం చికిత్స నిర్ణయానికి నిపుణుడే స్వయంగా చూడాలి.

పరీక్ష చూసే తల్లికి మనసు తరుక్కుపోతుంది. బిడ్డను గుడ్డలో బిగించి చుట్టి, చుక్కల మందుతో కంటిపాపలు పెద్దవి చేసి, సన్నని తీగతో రెప్పలు తెరిచి పట్టుకుంటారు. నోట్లో రెండు చుక్కల పంచదార నీళ్లు గానీ తల్లిపాలు గానీ వేస్తారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది, తీగ తీసిన కొద్దిసేపటికి ఊరుకుంటుంది. పరీక్షకు ముందు గంటసేపు పాలు పట్టకపోతే కక్కుకోదు.

## వేచి చూడటం

ఇది చికిత్స చేయకపోవడం కాదు, తేదీల ప్రకారం చేసే పని. 1980లలో అమెరికాలో 1,251 గ్రాములకంటే తక్కువ బరువున్న పిల్లలను పరీక్షించినప్పుడు 66 శాతం మందిలో ఏదో ఒక స్థాయి ఆర్‌ఓపీ కనిపించింది, చికిత్స అవసరమయ్యే స్థాయికి చేరినవారు 6 శాతమే. ఆ తర్వాత చికిత్స ఇంకాస్త ముందే మొదలుపెట్టే పద్ధతి వచ్చింది కాబట్టి నేడు ఆ భాగం కొంత ఎక్కువ, అయినా ఒకటి, రెండు స్టేజిల్లో ఉన్న పిల్లల్లో అత్యధికులకు దానంతట అదే నయమవుతుంది.

ఎప్పుడు ఆగవచ్చు, ఎప్పుడు ఆగకూడదు అన్న గీతను 2003లో వెలువడిన ఈట్రాప్ పరిశోధన గీసింది. జోన్ 1లో ఏ స్టేజి అయినా ప్లస్ ఉంటే, జోన్ 1లో ప్లస్ లేకున్నా స్టేజి 3 ఉంటే, జోన్ 2లో ప్లస్‌తో స్టేజి 2 లేదా 3 ఉంటే అది టైప్ 1. అప్పుడు 72 గంటల్లోపు చికిత్స జరగాలి. జోన్ 1లో ప్లస్ లేని స్టేజి 1, 2, జోన్ 2లో ప్లస్ లేని స్టేజి 3 టైప్ 2 కిందికి వస్తాయి. వీటిని వారం వారం, అవసరమైతే అంతకంటే ముందే చూస్తూ ఉండాలి. టైప్ 1 దశలోనే చికిత్స చేయడం వల్ల కంటి నిర్మాణం చెడిపోయే సందర్భాలు 15.6 నుంచి 9.1 శాతానికి తగ్గాయి.

కనుక టైప్ 2 బిడ్డకు "ముందుజాగ్రత్తగా ఒక ఇంజెక్షన్ ఇచ్చేయండి" అని డాక్టరును ఒత్తిడి చేయడం తప్పు, టైప్ 1 బిడ్డకు "ఇంకో వారం చూద్దాం" అనడం అంతకంటే పెద్ద తప్పు. మంచిరోజు కోసం, ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చేదాకా ఆగడం ఈ రెండో కోవలోకే వస్తుంది.

## లేజర్

రక్తనాళాలు చేరని అంచుభాగమంతటా చిన్న చిన్న చుక్కలుగా లేజర్ కాంతిని వేసి, ఆ భాగం ఇక వెజ్‌ఎఫ్ తయారుచేయకుండా చేయడం ఈ చికిత్స. కన్ను కోయరు. ఒక్కో కంటికి వందల నుంచి రెండు మూడు వేల చుక్కల దాకా పడవచ్చు, కనుక సమయం పడుతుంది. మత్తు ఇచ్చో, చుక్కల మందుతో తిమ్మిరెక్కించి నొప్పి తగ్గించో చేస్తారు. పక్కన పిల్లల డాక్టరు ఉండాలి, ఎందుకంటే మధ్యలో బిడ్డ ఊపిరి తడబడవచ్చు.

దీని బలం దీర్ఘకాల అనుభవం. ఫలితం వారం పది రోజుల్లో తెలుస్తుంది. ఎక్కడైనా చుక్కలు పడకుండా మిగిలితే మళ్లీ వేస్తారు. జోన్ 2 వ్యాధి ఒకసారి అణగిందంటే తిరగబెట్టడం అరుదు, పరీక్షలు కొద్ది వారాల్లో పలుచబడతాయి.

నష్టాలు కూడా శాశ్వతమైనవే. చుక్కలు పడిన భాగానికి చూపు ఉండదు కాబట్టి పక్కచూపు కొంత తగ్గుతుంది. జోన్ 2 బిడ్డలో అది రోజువారీ జీవితంలో పెద్దగా తెలియదు, జోన్ 1 బిడ్డలో కంటి తెరలో ఎక్కువ భాగాన్ని వదులుకున్నట్టే. దూరపు చూపు మందగించడం రెండో నష్టం. లేజర్‌ను బెవాసిజుమాబ్ అనే మందు ఇంజెక్షన్‌తో పోల్చిన పరిశోధనలోని పిల్లలను రెండున్నరేళ్ల వయసులో చూసినప్పుడు, జోన్ 1 వ్యాధికి లేజర్ చేసిన కళ్లకు సగటున మైనస్ 8.4 అద్దాలు, ఇంజెక్షన్ ఇచ్చిన కళ్లకు మైనస్ 1.5 అద్దాలు అవసరమయ్యాయి. జోన్ 1 వ్యాధిలో లేజర్ వెనక్కి తగ్గడానికి ఇది ఒక ప్రధాన కారణం.

కంటిపాప తెరుచుకోకపోయినా, లోపల రక్తం చిమ్మి మసకగా ఉన్నా లేజర్ సరిగా పడదు. చేయి తిరిగిన డాక్టర్లు తక్కువ కావడం మరో ఇబ్బంది.

## ఇంజెక్షన్

సన్నని సూదితో కంటి లోపలికి వెజ్‌ఎఫ్‌ను అడ్డుకునే మందును చాలా కొద్ది మోతాదులో ఇస్తారు. తిమ్మిరి చుక్కలతోనే, వార్డులోనే, వెంటిలేటర్ మీదున్న బిడ్డకు కూడా ఇవ్వవచ్చు. ప్లస్ ఒకటి నుంచి మూడు రోజుల్లోనే తగ్గడం కనబడుతుంది. అంచుభాగాన్ని కాల్చరు కాబట్టి ఆగిపోయిన రక్తనాళాలు మళ్లీ ముందుకు పాకే అవకాశం ఉంటుంది. జోన్ 1 వ్యాధికీ, అగ్రెసివ్ ఆర్‌ఓపీకీ దీన్ని ముందు వరుసలో పెట్టేది ఇందుకే. 2011లో వెలువడిన బీట్ రాప్ పరిశోధనలో 150 మంది పిల్లలను పోల్చగా, వ్యాధి తిరగబెట్టిన కళ్లు లేజర్‌లో 22 శాతం, బెవాసిజుమాబ్‌లో 4 శాతం. అయితే ఆ తేడా జోన్ 1లోనే గట్టిగా కనిపించింది, జోన్ 2లో నిలబడలేదు. ఇంజెక్షన్‌ను పొగిడేవారు రెండో సగం చెప్పడం మరచిపోతుంటారు.

మూడు మందులు వాడుకలో ఉన్నాయి. బెవాసిజుమాబ్ నిజానికి క్యాన్సర్ మందు, ఆర్‌ఓపీకి అనుమతి లేకున్నా ప్రపంచమంతా వాడుతున్నారు. ఆర్‌ఓపీలో ఎక్కువగా వాడిన మోతాదు 0.625 మిల్లీగ్రాములు, పెద్దల మోతాదులో సగం. అనుమతి పత్రంలో ఆఫ్ లేబుల్ అన్న మాట ఉంటే దాని అర్థం ఇదే, మోసమేమీ కాదు. చౌక, కంటిలో ఎక్కువ కాలం పనిచేస్తుంది, కానీ రక్తంలోకి చేరి వారాల తరబడి ఒళ్లంతటా వెజ్‌ఎఫ్‌ను తగ్గిస్తుంది. ఎదుగుతున్న మెదడుకూ ఊపిరితిత్తులకూ అది అవసరమైన పదార్థం కనుక పిల్లల డాక్టర్లు దీని విషయంలో జంకుతారు, హాని ఉందా లేదా అన్నదానిపై పరిశోధనల్లో ఏకాభిప్రాయం రాలేదు. పెద్ద సీసాలోంచి చిన్న సిరంజిల్లోకి నింపేటప్పుడు శుభ్రత లోపిస్తే కంటికి ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, ఎక్కడ నింపారో అడగడం తల్లిదండ్రుల హక్కు.

రానిబిజుమాబ్ రక్తంలోంచి కొద్ది రోజుల్లోనే వెళ్లిపోతుంది. 2019లో వెలువడిన రెయిన్‌బో పరిశోధనలో 225 మంది పిల్లల్లో 0.2 మిల్లీగ్రాముల మోతాదు 80 శాతం మందిలో, లేజర్ 66 శాతం మందిలో ఫలించాయి. గణాంకాల దృష్టిలో అది కొద్దిలో తప్పిన విజయం, అయినా ఐరోపాలో ఆర్‌ఓపీకి అనుమతి దక్కింది. మన దేశంలో తయారైన బయోసిమిలర్, అంటే అసలు మందును పోలిన రూపం, 2015 నుంచి అందుబాటులో ఉండటంతో ఖర్చు కొంత దిగింది. త్వరగా వెళ్లిపోయే మందు కాబట్టి వ్యాధి కూడా త్వరగా తిరగబెట్టవచ్చు. మూడోది అఫ్లిబర్‌సెప్ట్, మోతాదు 0.4 మిల్లీగ్రాములు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలో ఆర్‌ఓపీకి అనుమతి పొందిన మొదటి మందు ఇదే. దాని పరిశోధనలో ఫలితం 85.5 శాతం, లేజర్‌ది 82.1 శాతం, అంటే మంచి చేతుల్లో లేజర్ దాదాపు దానికి సాటిగానే నిలిచింది.

ఇంజెక్షన్‌కు అసలు మూల్యం తర్వాతి నెలల్లో ఉంటుంది. మందు ప్రభావం తగ్గాక రక్తం అందని భాగం మళ్లీ వెజ్‌ఎఫ్ విడుదల చేయవచ్చు. బీట్ రాప్‌లో తిరగబెట్టిన కళ్లలో అది లేజర్ తర్వాత సగటున 6 వారాలకు, బెవాసిజుమాబ్ తర్వాత సగటున 16 వారాలకు జరిగింది. 65 వారాల వయసు దాకా, అంచు దాకా నాళాలు చేరకపోతే ఆ తర్వాత కూడా, పరీక్షలు ఆపకూడదు. 28 వారాలకు పుట్టి 34 వారాల వయసులో ఇంజెక్షన్ తీసుకున్న బిడ్డకు అది పుట్టిన ఎనిమిదిన్నర నెలల దాకా నడిచే వ్యవహారం.

ఇక్కడే మన ఆచారం అడ్డుపడుతుంది. తొలికాన్పు పుట్టింట్లో జరుగుతుంది, బిడ్డను చూసిన ఆస్పత్రి కూడా అమ్మమ్మగారి ఊరికి దగ్గరిదే. మూడో నెలలోనో ఐదో నెలలోనో సారెతో తల్లీబిడ్డలను అత్తవారింటికి పంపుతారు. బెవాసిజుమాబ్ తర్వాత వ్యాధి తల ఎత్తే కాలం సరిగ్గా ఆ ప్రయాణం చుట్టుపక్కలే పడుతుంది. అప్పటికి బిడ్డ బొద్దుగా తయారై నవ్వుతూ ఉంటుంది, కన్ను బయటికి మామూలుగా ఉంటుంది, కొత్త ఊళ్లో పాత కేసు షీటు ఉండదు. ఇంజెక్షన్‌కు ఒప్పుకునే ముందు "ఐదో నెలలో ఈ బిడ్డ ఏ ఊళ్లో ఉంటుంది?" అన్న ప్రశ్న ఇంట్లో వేసుకోండి.

సూది కంటి కటకానికి తగలడం, లోపల ఇన్ఫెక్షన్ రావడం అరుదైనా ఉన్న ప్రమాదాలే. కంటి దగ్గర పుసి, ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గించాకే ఇవ్వాలి. ఇప్పటికే మచ్చకట్టి తెర లాగుతున్న కంటికి ఇస్తే మచ్చ ఇంకా బిగిసి తెర ఊడవచ్చు.

## రెండూ కలిపి

రెండు పక్షాలుగా చూడటం అలవాటైపోయింది కానీ ఆచరణలో చాలామంది నిపుణులు రెండింటినీ వరుసగా వాడతారు. మొదట ఇంజెక్షన్‌తో మంటను ఆర్పి, నాళాలు వీలైనంత ముందుకు పాకనిచ్చి, కొన్ని వారాల లేదా నెలల తర్వాత ఇంకా రక్తం అందకుండా మిగిలిన అంచుకు లేజర్ వేస్తారు. చూపు మధ్యభాగం మిగులుతుంది, ఆలస్యపు ప్రమాదం తగ్గుతుంది. జోన్ 1 వ్యాధి ఉండి, దూరప్రాంతం నుంచి వచ్చే బిడ్డకు నేనైతే ముందు ఈ దారి గురించే డాక్టరును అడుగుతాను. రెండు చికిత్సల ఖర్చు, రెండోసారి మత్తు దీనిలోని లోటు.

| తూచవలసినది | లేజర్ | ఇంజెక్షన్ | ఇంజెక్షన్, తర్వాత లేజర్ |
|---|---|---|---|
| జోన్ 1, అగ్రెసివ్ రకం | వెనుకబడుతుంది | ముందుంటుంది | బాగా నప్పుతుంది |
| జోన్ 2 | నమ్మకమైనది | దాదాపు సమానం | అరుదుగా అవసరం |
| ఫలితం కనబడే వ్యవధి | వారం పది రోజులు | 1–3 రోజులు | 1–3 రోజులు |
| వెంటిలేటర్ మీది బిడ్డకు | కష్టం | సులువు | మొదటి భాగం సులువు |
| తదుపరి పరీక్షలు | కొద్ది వారాలు దగ్గరదగ్గరగా | 65 వారాల వయసు దాకా, ఆపైన కూడా | లేజర్ దాకా దగ్గరదగ్గరగా |
| పక్కచూపు, అద్దాలు | పక్కచూపు తగ్గుతుంది, ఎక్కువ పవర్ | నష్టం తక్కువ | మధ్యస్థం |
| ఒంటి మీద మందు ప్రభావం | ఉండదు | ఉంటుంది, మందును బట్టి | ఉంటుంది |

## ఎవరికి ఏది

నగరంలోనే ఉండి, రెండు వారాలకోసారి ఆటోలో వెళ్లి రాగల కుటుంబానికి ఎంపిక పూర్తిగా కంటిని బట్టే జరగవచ్చు. ఆ కుటుంబానికి నా దగ్గర వేరే సలహా లేదు, డాక్టరు చెప్పినట్టు నడవడమే.

పార్వతీపురం మన్యం కొండల నుంచి విశాఖకు, లేదా ఆదిలాబాద్ పల్లె నుంచి హైదరాబాదుకు రావలసిన కుటుంబం సంగతి వేరు. ఒక్క పరీక్షకు రెండు రోజుల కూలి పోతుంది, పసిబిడ్డతో బస్సులో రాత్రి ప్రయాణం. వీరి బిడ్డకు జోన్ 2 వ్యాధి ఉండి ఒళ్లు తట్టుకోగలిగితే లేజరే మేలు. కాల్చడమన్న మాటకు జడిసి ఇంజెక్షన్ కోరుకొని, తర్వాత రాలేకపోయిన బిడ్డకు మూడు నాలుగు నెలల తర్వాత తెర ఊడితే తెలుసుకొనేవారే ఉండరు. జోన్ 1 అయితే ఇంజెక్షన్ తప్పదు. అప్పుడు తర్వాతి లేజర్ తేదీని ఆ రోజే రాయించుకొని, టీకాల కార్డు అట్ట మీద పెద్ద అక్షరాలతో ఎక్కించుకోండి. ఆరు, పది, పధ్నాలుగు వారాల టీకాలకు ఆ కార్డు ఎలాగూ బయటికి వస్తుంది, ఆశా కార్యకర్త కంటా పడుతుంది.

బెంగళూరులోనో గల్ఫ్‌లోనో తండ్రి ఉద్యోగం, పుట్టింట్లో కాన్పు అయిన కుటుంబాలు కేసు షీటు, వలయాల బొమ్మ, కెమెరా ఫొటోలు, ఇచ్చిన మందు పేరు, మోతాదు, తేదీ ఒక్క ఫైలులో పెట్టుకొని, వెళ్లబోయే ఊళ్లో ఆర్‌ఓపీ చూసే నిపుణుడి అపాయింట్‌మెంట్ ముందే తీసుకోవాలి. మామూలు కళ్ల డాక్టరు సరిపోరు.

ఖర్చు గురించి భయపడి ఆగేవారు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించే పుట్టుకతో వచ్చే లోపాల్లో ఆర్‌ఓపీ ఉందన్న సంగతి గుర్తుపెట్టుకొని, జిల్లా ఆస్పత్రిలోని సత్వర చికిత్స కేంద్రంలో ముందు అడగాలి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) డెస్కులో కూడా అదే రోజు విచారించండి. జవాబు రావడానికి వారం పడితే మాత్రం చికిత్సను ఆపకండి.

## తెర ఊడాక

నాలుగో స్టేజిలో లేజర్, ఇంజెక్షన్ల మధ్య పోలికకు అర్థం ఉండదు. 4ఎ దశలో కటకాన్ని కదపకుండా లోపలి జెల్లీని, మచ్చలను తీసే విట్రెక్టమీ చేస్తే తెర తిరిగి అతుక్కొని, పనికొచ్చే చూపు దక్కే అవకాశం బాగానే ఉంటుంది. 4బిలో అది తగ్గుతుంది. ఐదో స్టేజిలో శస్త్రచికిత్స విజయవంతమైనా చాలామందికి వెలుగు, కదలికలు తెలిసేంతవరకే చూపు దక్కుతుంది. పసిపిల్లలకు ఈ ఆపరేషన్ చేసే చేతులు దేశంలోనే తక్కువ కనుక, 4ఎ అని తేలిన రోజునే ప్రయాణం కట్టాలి. ఐదో స్టేజిలో ఊరూరూ తిరిగి అప్పులపాలయ్యే ముందు, ఏం చూపు వస్తుందని ఆశించవచ్చో సూటిగా అడిగి తెలుసుకోండి. చూపు రాని బిడ్డకు తాకిడితో, శబ్దంతో నేర్పే శిక్షణ ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది, అది ఆపరేషన్‌కు పోటీ కాదు.

## చికిత్స ఫలించినవారికి

ఏ దారిన వెళ్లి నయమైనా ఈ పిల్లలకు మెల్లకన్ను, ఒక కన్ను బద్ధకించడం, దూరపు చూపు మందగించడం మిగతా పిల్లలకంటే ఎక్కువ. ఏడాది లోపు ఒకసారి, తర్వాత బడిలో చేరేదాకా కనీసం ఏటా ఒకసారి అద్దాల పరీక్ష చేయించాలి. ఏడాది బిడ్డకు అద్దాలా అని ముక్కున వేలేసుకునే చుట్టాలు ఉంటారు. తలవెనుక రబ్బరు పట్టీతో కట్టే మెత్తని ఫ్రేములు దొరుకుతాయి. బిడ్డ మొదటి రెండు రోజులు లాగి పారేస్తుంది, మూడో రోజు గుమ్మంలోకి వచ్చిన తండ్రి ముఖం స్పష్టంగా కనబడ్డాక తీయనివ్వదు.